చేతిలోని చదువు

రెండేండ్ల క్రిందటి మాట. ఆ యేటి పరీక్షల ఫలితములు వెలువడి కొన్నాళ్ళయినది. ఒకనాటి మునిమాపున మా వీథిలోని యొక యిల్లాలు పొలము పనినుండి వచ్చి, కాళ్ళు కడుగుకొని, మా యరుగుమీద కూర్చుండెను. ఆమె కుమార్తె మా వారి బడిలో చదివినది, బుద్ధిమంతురాలు. తల్లి మొగమున మాత్రము దిగులు కనబడుచుండెను.

“అక్కా, మా పాపకి డాక్టరు సీటు రాలా. ఇప్పుడేమో ఫిజియోతెరపీ చదువుతానని పట్టుబట్టింది. నాలుగున్నరేళ్ళు డబ్బుపోసి కాళ్ళు పిసికేది నేర్చుకోవాల్నా? మనూళ్ళో బాలింతలకి నీళ్ళుపోసే ముసలామె ఏ కాలేజీలో చదివింది? రేపు సంబంధాలొస్తే, మగోళ్ళ ఒళ్ళు పట్టే చదువని చెప్పుకోమంటావా? చదివినాక ఎవురిస్తారు జీతం? అయ్యోరినడిగి ఒక మాట చెప్పక్కా” అనెను.

మా వారు లోపలనుండి యా మాటలు వినుచునే యుండిరి. పుస్తకము మూసి వెలుపలికి వచ్చి, “దీనికి నాకంటె నీవే చక్కగా బదులు చెప్పగలవు” అని మాతో ననిరి. ఆ మాట నిజము. ఆ తల్లి యడిగినవి మూడు ప్రశ్నలు. ఇది చదువేనా? ఇది గౌరవమైనదేనా? ఇది అన్నము పెట్టునా? నేడు మన జిల్లాలో అనేకుల యిండ్లలో ఈ మూడు ప్రశ్నలే పుట్టుచున్నవి. కావున నాడు ఆమెకు చెప్పిన సమాధానమునే, మఱికొంత విచారించి, సోదరీమణులకు విన్నవించుకొనుచున్నాము.

మొదటి ప్రశ్నకు మా యింటి కథయే సమాధానము. మా యత్తగారికి అంతకుముందొక యేట పక్షవాతము వచ్చినది. ఒక వేకువను తులసికోటకు నీరు పోయుచు, కుడిప్రక్కకు ఒరిగి పడిపోయిరి. పట్టణములోని యొక యాసుపత్రిలో పండ్రెండు దినము లుంచి, ప్రాణభయము తొలగినదని యింటికి పంపిరి. మందుల చీటి యిచ్చిరి. కాని కదలని చేతిని, కాలిని ఏమి చేయవలయునో చెప్పినవారు లేరు. మేమును అడుగలేదు. అడుగవలసినది యొకటి కలదనియే మే మెఱుగము. ఇంటికి వచ్చిన పిమ్మట ఇరుగుపొరుగువారు చెప్పిన తైలము లన్నియు తెప్పించి, ఉభయసంధ్యలందు మర్దించితిమి. పడకనుండి లేపునపుడెల్ల, వ్రేలాడుచున్న యా కుడిచేతినే పట్టుకొని పైకి లాగుచుంటిమి. నెల గడచునప్పటికి చేయి కదలలేదు సరిగదా, భుజము తాకినంతనే వారు కేకవేయ జొచ్చిరి. మేము సేవ యనుకొన్నదే వారికి బాధ యయ్యెను.

అప్పుడు నెల్లూరునుండి యొక యువతి వారమునకు మూడు దినములు మా యింటికి వచ్చుట కొప్పుకొనెను. ఆమె ఫిజియోథెరపీలో పట్టభద్రురాలు. వయస్సు ఇరువదియైదు నిండియుండదు. మొదటినాడు మేము తైలపుగిన్నె వెచ్చచేసి సిద్ధముగా నుంచితిమి. ఆమె దానిని ప్రక్కకు పెట్టించి, మా యత్తగారి యెదుట నేలపై కూర్చుండి, ఒక్కొక్క కీలునే మెల్లగా కదలించి చూచుచు చాలసేపు పరీక్షించెను. పిమ్మట మావైపు తిరిగి, “అమ్మా, ఇకమీద ఈ చెయ్యి పట్టి లాగొద్దు” అనెను. భుజపు కీలు గుండ్రని తల కలిగిన యెముక, లోతులేని గిన్నెలో కూర్చున్నట్టిది. దానిని నిలిపి యుంచునవి ముఖ్యముగా చుట్టునున్న కండరములే. పక్షవాతమున నవి సడలినపుడు చేతి బరువే యా యెముకను క్రిందికి దిగలాగును. దానిపై మనము లాగినచో కీలు మఱింత జారి, చుట్టునున్న భాగములు గాయపడును. ఆమె చేయిక్రింద దిండు పెట్టుట, ప్రక్కకు తిప్పునపుడు భుజము వెనుకనుండి ఆధార మిచ్చుట మాకు నేర్పెను. పది దినములలో ఆ కేకలు తగ్గినవి. తైలము చేయలేని పనిని ఒక దిండు చేసినది!

ఆమె యొద్ద నొక చిన్న పుస్తక ముండెను. కండరపు బలమును 0 మొదలు 5 వఱకు అంకెలతో అందు వ్రాసికొనుచుండెను. కదలిక లేకున్న 0. వ్రేలితో తాకి చూచిన లోన రవంత అదిరినచో 1. బరువు మోయనక్కఱలేకుండ, పఱపుపై ప్రక్కవాటుగా జరుపగలిగిన 2. భూమి క్రిందికి లాగుచున్నను పైకెత్తగలిగిన 3. మన చేతితో అడ్డగించినను కొంత నెట్టగలిగిన 4. సహజబలము 5. మా యత్తగారి మోకాలి యెదుట 1 అను అంకె పడిననాడు మా యింట పాయసము వండితిమి. అది 3 అగుటకు రెండు నెలలు పట్టినది. మాకు ఆ పుస్తకమే పంచాంగ మయ్యెను.

ఒకనాడు కుర్చీనుండి లేచుట నేర్పుచుండెను. పాదములు వెనుకకు జరుపవలెను, ముక్కు కాలివ్రేళ్ళ మీదికి వచ్చునంతగా ముందునకు వంగవలెను, అప్పుడు లేవవలెను. మా యత్తగారు భయపడి మమ్ము పిలిచిరి. మేము పట్టుకొనబోగా, ఆ యువతి చేయి అడ్డము పెట్టి, “మీరు పట్టొద్దమ్మా, అవ్వే లేస్తుంది” అనెను. అట్లని దూరముగా నిలువలేదు. ఒకవేళ తూలినచో పట్టుకొనుటకు సిద్ధముగా, జానెడు దూరముననే యుండెను. అవ్వయే లేచినది. సేవకును విద్యకును గల భేదము మాకు నాడు తెలిసినది. సేవ తానే పని చేసి పెట్టును. ఈ విద్య రోగిచేతనే పని చేయించును. ఏలయన, మెదడులో దెబ్బతిన్న భాగము చేయు పనిని తక్కిన భాగములు నేర్చుకొనవలసియున్నది. రోగి తనంతట తాను ప్రయత్నించి, పలుమాఱు చేసినగాని ఆ నేర్పు కలుగదు.

నాలుగవ నెలలో మా యత్తగారు చేతికఱ్ఱ ఊతముతో తులసికోటవఱకు నడిచిరి. కుడిచేయి మాత్రము పూర్తిగా స్వాధీనము కాలేదు. నేటికిని ఎడమచేతితోనే భోజనము చేయుచున్నారు. ఉన్నది ఉన్నట్లు చెప్పవలయును గదా.

ఇట్టి నేర్పు నాలుగు నెలలలో వచ్చునది కాదు. బాల్యమున మా తండ్రిగారివద్ద సుశ్రుతసంహితలోని శారీరస్థానము కొంత చదువుకొంటిమి. అందు శల్యతంత్రమున ఎముకలు 300 అనియు, మర్మములు 107 అనియు చెప్పబడినది. శరీరజ్ఞానము కోరువాడు మృతదేహమును పంజరమున నుంచి, పారెడు నీటిలో ఏడు రాత్రులు నానవైచి, పొరపొరగా విడదీసి కన్నులార చూడవలెనని యా గ్రంథము శాసించుచున్నది. నేటి శాస్త్రము పెద్దవారి దేహమున 206 ఎముకలని లెక్కించుచున్నది. లెక్క మాఱినది, కన్నులార చూచి తెలిసికొనవలెనను శాసనము మాఱలేదు. ఈ పట్టమునకు చదువు బాలికలును మొదట శరీరనిర్మాణశాస్త్రము, శరీరధర్మశాస్త్రము చదివి, ఏ కండరము ఏ యెముకనుండి పుట్టి యెచ్చట ముగియునో, దానికి ఆజ్ఞ నిచ్చు నరము వెన్నుపాములో నెచ్చట పుట్టునో కంఠస్థము చేయవలెను. మెడనుండి చేతికి దిగు నరముల అల్లిక యొక్కటియే, అయిదు వేళ్ళనుండి పుట్టి, కలిసి, విడిపోయి, మరల కలియుచు పోవును.

తరువాతి సంవత్సరములలో రోగలక్షణశాస్త్రము, ఔషధశాస్త్రము, దేహము కదలుటలోని యంత్రసూత్రములు, వ్యాయామచికిత్స, విద్యుచ్చికిత్స చదువుదురు. కీలు ఎంత వంగుచున్నదో కొలుచుటకు వారికొక కోణమాని యుండును. ఆరోగ్యవంతుని చేయి ముందునుండి పైకెత్తినచో సుమారు 180 డిగ్రీలు తిరుగును. గూడు పట్టినవానికి అది సగమైనను రాకపోవచ్చును. “కొంచెము మేలు” అనుట వారికి చాలదు. ఎన్ని డిగ్రీలు మేలో చెప్పవలెను. కడపటి సంవత్సరములలో ఎముకల వ్యాధులు, నరముల వ్యాధులు, గుండె ఊపిరితిత్తుల వ్యాధులు, పసిపిల్లల యెదుగుదలలోని లోపములు చదివి, ఆసుపత్రులలో రోగులయొద్ద అభ్యాసము చేయుదురు.

ఎక్కడ ముట్టవలెనో నేర్చుట సగము. ఎక్కడ ముట్టరాదో నేర్చుట తక్కిన సగము. శస్త్రచికిత్స యైనవారికి గాని, చాలనాళ్ళు మంచమున పడియున్నవారికి గాని ఒక పిక్క వాచి, వెచ్చనై, నొప్పి పెట్టినచో లోపలి రక్తనాళమున నెత్తురు గడ్డ కట్టియుండవచ్చును. దానిని పిసికినచో ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోయి ప్రాణమే తీయవచ్చును. వెంటనే వైద్యునికి చూపవలెను. మధుమేహముచేత పాదములు తిమ్మిరెక్కినవారికి వేడి తెలియదు. ప్రేమతో పెట్టిన కాపడమే చర్మము కాల్చి పుండగును. గుండెలో పేస్‌మేకరు యంత్రము అమర్చుకొన్నవారికి కొన్ని విద్యుత్పరికరములు తగవు. ముదుసలి స్త్రీల యెముకలు గుల్లబారియున్నచో గట్టిగా వంచుటవలన విఱుగవచ్చును. బాలింతకు నీళ్ళుపోయు అవ్వ చేతిలో అనుభవము లేకపోలేదు. ఆమెను మేము చిన్నబుచ్చము. కాని ఏ పిక్క నెత్తురుగడ్డ దాచియున్నదో ఆ చేతికి తెలియదు. మాకును తెలియక, నెల దినములు ఒక భుజమును హింసించితిమి.

ఇక రెండవ ప్రశ్న, గౌరవము. మన తల్లులకు కలిగిన శంకయే నూఱేండ్లకు పైగా పూర్వము లండను నగరమున కలిగినది. 1894వ సంవత్సరమున, అంగమర్దన గృహములను పేర కొన్నిచోట్ల అనాచారములు జరుగుచున్నవని అక్కడి వైద్యపత్రికయే వ్రాయగా, ఆ పని చేయు స్త్రీల కందఱకును అపకీర్తి వచ్చినది. అప్పుడు లూసీ రాబిన్‌సన్, రోజలిండ్ పాజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అను నలువురు స్త్రీలు, ఉపచారికావృత్తికి చెందినవారు, తలవంచుకొని ఇంట కూర్చుండలేదు. అంగమర్దనము నేర్చిన స్త్రీలకై ఒక సంఘము స్థాపించిరి. పరీక్షలు పెట్టిరి, వైద్యుని యాజ్ఞ లేనిదే చికిత్స చేయరాదని నియమము విధించిరి. 1920లో ఆ సంఘమునకు రాజశాసనము లభించినది. నేడు బ్రిటనులో ఫిజియోథెరపిస్టులకు ప్రాతినిధ్యము వహించుచున్న సంఘ మదియే. శంకను పోగొట్టినది దాచుకొనుట కాదు, చదువును నియమమును. ఆసుపత్రిలో నర్సు ముట్టినపుడు మనము శంకింపము. వైద్యురాలు నాడి పట్టినపుడు శంకింపము. దేహమును దేహముగా నెఱిగి ముట్టు చేతికి ఆడు మగ యను భేద మెక్కడిది?

మన దేశమున ఈ విద్య పుట్టుటకు కారణము పసిబిడ్డల దుఃఖమే. 1952లో బొంబాయిలో పోలియో ప్రబలినది. కాళ్ళు చచ్చుపడిన బిడ్డలను నడిపించుటకు శిక్షణ పొందినవారు కావలసివచ్చిరి. 1953లో భారత ప్రభుత్వము, బొంబాయి నగరపాలక సంస్థ, ప్రపంచ ఆరోగ్యసంస్థ కలిసి ఆ నగరమున తొలి ఫిజియోథెరపీ పాఠశాల నెలకొల్పినవి. మన దేశమున తుది పోలియో కేసు 2011 జనవరిలో కనబడినది. 2014 మార్చిలో మన ప్రాంతము పోలియో లేనిదని ధ్రువపఱుపబడినది. ఆ వ్యాధి పోయినను విద్యకు పని తగ్గలేదు. పక్షవాతము, మోకాళ్ళ యరుగుదల, మధుమేహము, రహదారి ప్రమాదములు దాని స్థానమును ఆక్రమించినవి. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వచ్చినపుడు, రోగులను బోర్ల పరుండబెట్టి ఊపిరి నేర్పినవారిలో వీరును ఉండిరి.

మన నెల్లూరివారు చికిత్సకై తఱచు పోవు వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మేరీ వర్గీస్ అను వైద్యురాలుండెను. 1954లో కారు ప్రమాదమున ఆమెకు నడుము క్రింది భాగమంతయు చచ్చుపడినది. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. పిమ్మట న్యూయార్కులో పునరావాసవైద్యము చదివి వచ్చి, వేలూరులో ఆ శాఖకు నాయకురాలయ్యెను. 1966లో అక్కడ పునరావాసకేంద్రము తెఱువబడినది. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించినది. ఆమె ఫిజియోథెరపిస్టు గాదు, వైద్యురాలు. కాని చచ్చుపడిన దేహముతో జీవించుట ఇంకను నేర్వదగిన విద్యయే యని లోకమునకు చూపినది. మనకు సమీపముననే తిరుపతిలో దేవస్థానమువారు 1985లో నెలకొల్పిన బర్డ్ ఆసుపత్రి, నడువలేని వేలమంది పేదలకు నడక నిచ్చినది. దైవసన్నిధి చెంత జరుగు పని గౌరవహీన మెట్లగును?

మూడవది జీవనోపాధి. ఇచ్చట తేనె పూసిన మాటలు చెప్పరాదు. ఇంటర్మీడియేట్‌లో జీవశాస్త్రము, భౌతిక రసాయనశాస్త్రములు చదివినవారు బి.పి.టి. యను ఈ పట్టమునకు చేరవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లోని కళాశాలలు 1986లో విజయవాడలో ఏర్పడిన ఆరోగ్యవిశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నున్నవి. తిరుపతి స్విమ్స్‌లోను, హైదరాబాదు నిమ్స్‌లోను ఈ చదువు కలదు. ఇన్నాళ్ళు ఇది నాలుగేండ్ల చదువును, ఆఱునెలల ఇంటర్న్‌షిప్పును కలిసి నాలుగున్నర యేండ్లు. 2025లో జాతీయ కమిషనువారు ప్రకటించిన క్రొత్త పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్పుతో కలిసి అయిదేండ్లు. ప్రవేశ నియమములు మాఱుచున్నవి గావున, ఆ యా సంవత్సరపు ప్రకటన చదువక ఎవరి మాటయు నమ్మరాదు. డబ్బు కట్టకముందే ఆ కళాశాలకు విశ్వవిద్యాలయపు అనుబంధము కలదా, అభ్యాసమునకు రోగులు వచ్చు ఆసుపత్రి కలదా యని విచారింపవలెను. రోగులు లేని కళాశాలలో ఈ విద్య నేర్చుట, ఏఱు లేని యూర ఈత నేర్చుటయే.

చదివి వెలువడినవారికి మొదట లభించు జీతము స్వల్పము. పెద్ద ఆసుపత్రులలోను చాలమంది కొద్ది వేతనమునకే చేరుచున్నారు. మూడు నెలల శిక్షణతో బల్ల కట్టి చికిత్స చేయువారితో పోటీ పడవలసివచ్చుచున్నది. ఈ యవ్యవస్థను చక్కబెట్టుటకై 2021లో అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషను చట్టము వచ్చినది. అర్హులకు నమోదుపట్టిక యుండవలెనని దాని యుద్దేశము. పేరునకు ముందు డాక్టరను మాట వ్రాసికొనవచ్చునా యను వివాదమును కలదు. 2025 సెప్టెంబరులో వ్రాయరాదని కేంద్రాధికారులు లేఖ పంపి, వెంటనే దానిని వెనుకకు తీసికొనిరి. మా యత్తగారిని నడిపించిన యువతి పేరునకు ముందేమున్నదో మేము చూడలేదు. అనుభవము గడించి, ఎం.పి.టి. యను పై చదువు చదివి, ఒక శాఖలో నిపుణత సంపాదించినవారికి మాత్రము పని కొఱవడదు. ఇంటి బాధ్యతలున్న స్త్రీ తన యూరనే, తనకు వీలైన వేళలందు చేసికొనదగిన వృత్తులలో ఇది యొకటి.

మన యూళ్ళకు ఈ విద్య యొక్క అక్కఱ ఎంతయో చూడుడు. పెన్న కాలువల క్రింది మాగాణిలో మన స్త్రీలు దినమంతయు నడుము వంచి నాట్లు వేయుదురు, కలుపు తీయుదురు. నలువదేండ్లకే నడుము నొప్పి, యేబదికే మోకాళ్ళు. ఊరి ప్రక్కనే పెద్ద రహదారి, ప్రమాదములు తఱచు. నెల్లూరు మనకు దూరము గాదు. కాని కాలు కదలని వృద్ధురాలికి బస్సు మెట్టే హిమాలయము. ఈ చికిత్స యొకనాటితో ముగియునది గాదు, నెలలతరబడి సాగవలెను. కావున ఊరనే యొక బిడ్డ నేర్చియుండుట యెంత మేలు!

భాగవతమున శ్రీకృష్ణుడు కుబ్జ పాదములను తన పాదముతో అదిమి, రెండు వ్రేళ్ళతో గడ్డము పైకెత్తి, మూడు వంకరల దేహమును క్షణమున చక్కజేసెనని విన్నాము. అది భగవంతుని చేయి. మానవుల చేతికి ఆ క్షణము చాలదు. వందల ఉదయములు కావలెను, ఓర్పు కావలెను, వానికి ముందు నాలుగయిదేండ్ల చదువు కావలెను.

నాడు ఈ మాటలన్నియు విని ఆ తల్లి యేమియు అనక వెడలిపోయెను. పదునైదు దినముల తరువాత కుమార్తెను హాస్టలులో చేర్చి వచ్చితినని చెప్పెను. అందులకై ఒక గేదెను అమ్మినదని పిదప తెలిసినది. ఆ మాట విని మాకు గుండె ఝల్లుమన్నది. సలహా యిచ్చుట యెంత బరువో నాడు తెలిసినది.

ఈ సంక్రాంతికి ఆ బాలిక యింటికి వచ్చినది. మా యత్తగారిని చూడవచ్చి, వారు నడచుచుండగా వెనుకనుండి చూచి, చేతికఱ్ఱ రెండంగుళములు ఎత్తు ఎక్కువైనదని చెప్పి, తానే కోయించి తెచ్చెను. అంతకుముందు చూచిన మే మెవ్వరమును ఆ సంగతి గమనింపలేదు. మఱునాడు ఆమె తల్లి మా యరుగుమీదికి వచ్చి, నవ్వుచు, “అక్కా, మా పాప నా కాళ్ళు పిసకదంట. నన్నే లేసి నడవమంటా ఉంది. పొద్దన్నే పదిసార్లు ఇట్ట వంగు, అట్ట లెయ్యి అని ఒకటే పోరు” అనెను.

సోదరీమణులారా! మీ యింటి బిడ్డ ఈ చదువు కోరినచో, డాక్టరు సీటు రానివారికి దక్కిన మిగులు అన్నముగా దానిని చూడకుడు. కళాశాలను విచారింపుడు, ఖర్చును లెక్కింపుడు, బిడ్డకు ఓర్పు కలదా యని పరీక్షింపుడు. అవి సరిపోయినచో పంపుడు. మఱియు మీ యింట నెవరైన పక్షవాతముతో ఆసుపత్రినుండి వచ్చినపుడు, కదలని చేతిని కాలిని ఏమి చేయవలెనో తప్పక అడిగి తెలిసికొనుడు. మేము అడుగక పోగొట్టుకొన్న నెల మీకెవ్వరికిని పోకుండుగాక.